లాంగ్‌షాట్ గుర్రం, ఎక్సెల్ షీటు, మా పిన్ని గొలుసు

ముందే చెప్పేస్తున్నాను, నేను జూదగాణ్ణి కాదు. దీపావళి రాత్రి ఫ్రెండ్సు మూడు ముక్కలాట మొదలెడితే పక్కన కూర్చుని టీలు అందించే బాపతు. అలాంటి నేను పోయిన చలికాలంలో ఇంగ్లండు గుర్రాల మీద అక్షరాలా 46 సార్లు పందెం కాశాను. ఎంత పోయింది, ఎలా పోయింది, అందులో నాకు తెలిసొచ్చిన లెక్క ఏమిటి, ఆ లెక్క పుణ్యమా అని శ్రీకాకుళంలో మా పిన్ని మెళ్లో గొలుసు తాకట్టుకి ఎలా వెళ్లింది... ఇదీ ఈ టపా. కాస్త పొడుగే. టీ తెచ్చుకుని కూర్చోండి :)

మాది విజయనగరం. అమ్మ పుట్టిల్లు ఎస్.కోట వైపు ఓ పల్లె. సంక్రాంతి దాటాక ఆ చుట్టుపక్కల ఊళ్లలో వరసపెట్టి తీర్థాలు జరుగుతాయి. (మా వైపు ఊరి జాతరని తీర్థం అంటాం, కాశీ రామేశ్వరం అనుకునేరు!) ఎడ్ల బళ్ల పరుగు, గుర్రాల పరుగు పోటీలు ఉంటాయి. చిన్నప్పుడు మావయ్య భుజాల మీద కూర్చుని చూసేవాణ్ణి. మావయ్యకి గుర్రాలంటే ప్రాణం. పోటీకి ముందు గుర్రాలు కట్టేసిన చోటికి తీసుకెళ్లి, "మెరుపు సూడకురా, కాళ్లు సూడు. ఊపిరెలా తీస్తందో సూడు" అనేవాడు. నాకేమో మెడలో పూలదండ ఉన్న గుర్రమే నచ్చేది. అదే గెలుస్తుందనేవాణ్ణి. అది ఎప్పుడూ గెలవలేదు లెండి.

సరే, విషయానికొస్తే. కంపెనీ నన్ను ఆన్‌సైట్ అని లీడ్స్ పంపించింది. ఏప్రిల్ వచ్చేసరికి ఆఫీసులో ఒక్కొక్కరి దగ్గర రెండేసి పౌండ్లు వసూలు చేసి, టోపీలో చీటీలు వేసి తియ్యమన్నారు. ఏమిటంటే గ్రాండ్ నేషనల్ అన్నారు. లివర్‌పూల్ దగ్గర ఎయిన్‌ట్రీలో ఏడాదికోసారి జరిగే పరుగు. దాదాపు 7 కిలోమీటర్లు, 30 కంచెలు. గుర్రం పరిగెట్టడంతో సరిపోదు, ప్రతి కంచె మీంచీ గెంతాలి. మన మలక్‌పేటలో జరిగేది చదును నేల మీద పరుగు, ఒకటి రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఇది తొమ్మిది పది నిమిషాలు పడుతుంది. పడిపోయేవి పడిపోతాయి, జాకీని కింద పారేసేవి పారేస్తాయి, కొన్నిటిని జాకీలే అలసిపోయాయని పక్కకి లాగేసుకుంటారు.

2024 చీటీలో నాకొచ్చిన గుర్రం జాడే లేదు. కానీ మా టీంలో ఓ పెద్దాయన, కోబాల్ రోజుల నుంచీ ఉన్న మనిషి, నా మొహం చూసి ఓదార్పుగా ఓ పాఠం చెప్పాడు. "గెలిచే గుర్రాన్ని వెతక్కు. చివరిదాకా నిలబడే పెద్ద ధర గుర్రాన్ని వెతుకు. ఈచ్‌వే కాయి" అని. నాకు టక్కున మావయ్య గుర్తొచ్చాడు. ఆ క్షణమే పురుగు బుర్రలో దూరింది.

ఈచ్‌వే అంటే ఏమిటో తెలియనివాళ్లకి కాస్త చెప్తాను, తెలిసినవాళ్లు ఈ పేరా దాటెయ్యండి. అది ఒక పందెం కాదు, రెండు. 5 పౌండ్ల ఈచ్‌వే అంటే జేబులోంచి 10 పౌండ్లు పోతాయి. ఒక 5 గుర్రం గెలుస్తుందని, ఇంకో 5 అది మొదటి కొన్ని స్థానాల్లో ఉంటుందని. రెండో సగానికి ఇచ్చే ధర, గెలుపు ధరలో నాలుగోవంతో ఐదోవంతో. స్థానాలెన్ని అనేది ఎన్ని గుర్రాలు పరిగెట్టాయన్నదాన్ని బట్టి. మామూలు పద్ధతిలో 5 నుంచి 7 గుర్రాలుంటే 2 స్థానాలు, నాలుగోవంతు ధర. 8, ఆపైన ఉంటే 3 స్థానాలు, ఐదోవంతు. హ్యాండీక్యాప్ పరుగుల్లో (అంటే మంచి గుర్రం మీద ఎక్కువ బరువు, చిన్న గుర్రం మీద తక్కువ బరువు పెట్టి సమానం చేసే పరుగులన్నమాట) 12 నుంచి 15 ఉంటే 3 స్థానాలు, నాలుగోవంతు. 16, ఆపైన ఉంటే 4 స్థానాలు, నాలుగోవంతు.

ఇది చదివిన ఏ ప్రోగ్రామరుకైనా చెయ్యి దురద పెడుతుంది. ఎందుకంటే ఇదంతా ఇఫ్-ఎల్స్ నిచ్చెన. బగ్గులు ఎక్కడుంటాయి? మెట్టు మారే చోట. చూడండి: 16 గుర్రాలు, అన్నీ సమానమైనవే అనుకుందాం, బుకీ లాభం సున్నా అనుకుందాం. గెలుపు ధర 15/1. స్థానం ధర అందులో నాలుగోవంతు, అంటే 3.75/1. నాలుగు స్థానాలు కాబట్టి స్థానం దక్కే అవకాశం 25 శాతం. 100 పౌండ్లు పెడితే సగటున తిరిగొచ్చేది 118.75. అంటే స్థానం సగంలో బుకీయే మనకి ఎదురిస్తున్నాడు! ఇప్పుడు పొద్దున్నే ఒక గుర్రానికి కాలు బెణికి తప్పుకుందనుకోండి. 15 మిగిలాయి. స్థానాలు 3 అయిపోయాయి. సమాన గుర్రాల ధర 14/1, స్థానం ధర 3.5/1, అవకాశం 20 శాతం. 100 పెడితే సగటున వచ్చేది 90. మన గుర్రం అదే, దాని కాళ్లూ అవే. ఎక్కడో ఇంకో గుర్రం రానందుకు పందెం లాభంలోంచి నష్టంలోకి దూకేసింది. ఆఫ్-బై-వన్ ఎర్రర్ అంటే ఇదే కదా!

నిజంలో బుకీ లాభం సున్నా ఉండదు, గుర్రాలు సమానం కావు, అది వేరే సంగతి. కానీ లెక్క ఎటు మొగ్గుతుందో అర్థమవడానికి ఇది చాలు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎక్సెల్ తెరిచాను.

ఇక లాంగ్‌షాట్ల సంగతి. గెంతుడు పందేల్లో పెద్ద ధర గుర్రాలకి ఓ ఘనమైన చరిత్ర ఉంది. గ్రాండ్ నేషనల్‌ని 100/1 ధరతో ఇప్పటికి ఐదు గుర్రాలు గెలిచాయి: 1928లో టిప్పరేరీ టిమ్, 1929లో గ్రెగలాక్, 1947లో కాహూ, 1967లో ఫోయినావన్, 2009లో మోన్ మోమ్. వీటిలో ఫోయినావన్ కథ చెప్పుకోదగ్గది. 23వ కంచె దగ్గర ముందున్న గుర్రాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి, ఆగి, అడ్డదిడ్డంగా పోగుపడ్డాయి. బాగా వెనకాల నింపాదిగా వస్తున్న ఫోయినావన్ ఓ సందు చూసుకుని కంచె దాటి వెళ్లిపోయింది. ఇప్పుడా కంచెకి దాని పేరే. 2001లో అయితే బురదలో 40 బయల్దేరితే గమ్యం చేరినవి నాలుగే, అందులో రెండు మధ్యలో జాకీని పోగొట్టుకుని మళ్లీ ఎక్కించుకుని వచ్చినవి. గెలిచిన రెడ్ మరాడర్ ధర 33/1. అంటే ఆ రోజు పడకుండా చివరిదాకా వచ్చిన ప్రతి గుర్రానికీ స్థానం దక్కింది!

పెద్దాయన సూత్రంలో బలం ఇదే. చదును పరుగులో నెమ్మది గుర్రం నెమ్మదిగానే వస్తుంది. గెంతుడు పరుగులో ముందున్నవాళ్లు పడతారు కాబట్టి, పడని గుర్రం పైకొస్తుంది. లెక్కల్లో కూడా దీనికి దగ్గరి బంధువు ఒకటుంది. బిల్ బెంటర్ అనే అమెరికన్ 1980లలో హాంకాంగ్ వెళ్లి, కంప్యూటర్ మోడల్ కట్టి గుర్రాల మీద కోట్లు సంపాదించాడు. 1994లో ఆ పద్ధతిని ఓ పేపరుగా రాశాడు, మన ఫీల్డువాళ్లు తప్పక చదవాల్సింది. అందులో ఒక మాట: గెలుపు అవకాశాల్నించి రెండు, మూడు స్థానాల అవకాశాల్ని మామూలు సూత్రంతో లెక్కేస్తే, ఫేవరెట్లకి ఎక్కువ, లాంగ్‌షాట్లకి తక్కువ వస్తుంది. అంటే చిన్న గుర్రాలు లెక్క చెప్పినదానికన్నా కాస్త ఎక్కువగానే రెండు, మూడులో కనిపిస్తాయన్నమాట. ఆయన చూసినవి చదును పరుగులే అనుకోండి. కంచెలుంటే ఇంకా నయం కదా అనుకున్నాను నేను.

నా షీటులో ఐదు కాలమ్స్ పెట్టుకున్నాను. ఒకటి, పడకుండా పూర్తి చేసిన రికార్డు: పాత ఫలితాల్లో పడింది, లాగేశారు, జాకీని పారేసింది అనే అక్షరాలు ఎన్ని ఉన్నాయి. రెండు, దూరం: ఇంత దూరం ఇదివరకు పరిగెత్తిందా. మూడు, నేల: బురదలో ఎలా ఉంటుంది, గట్టి నేల మీద ఎలా ఉంటుంది. నాలుగు, హ్యాండీక్యాప్ రేటింగ్: ఇదివరకు మంచి రోజులు చూసి ఇప్పుడు రేటింగ్ కిందికి దిగిన గుర్రమా. ఐదు, ఎన్ని గుర్రాలు: 16, 17 ఉన్న పరుగులకి పెద్ద మార్కు, 15కి కోత. చూశారుగా, మావయ్య "కాళ్లు సూడు, ఊపిరి సూడు" అన్నదాన్నే నేను కాలమ్స్ చేశాను.

2025 గ్రాండ్ నేషనల్ వచ్చింది. నా షీటు గ్రేంజ్‌క్లేర్ వెస్ట్ అనే గుర్రాన్ని చూపించింది. ధర 33/1. ఊళ్లో పందేల షాపుకెళ్లి 5 పౌండ్ల ఈచ్‌వే కాశాను. అక్కడ 5 స్థానాల దాకా ఐదోవంతు ధర ఇస్తున్నారు. గెలిచింది నిక్ రాకెట్, దానిదీ 33/1. రెండోది ఐ యామ్ మాగ్జిమస్. మూడోది మన గ్రేంజ్‌క్లేర్ వెస్ట్! (మూడూ విలీ ముల్లిన్స్ అనే ఒకే ట్రైనరు గుర్రాలు. ఆ కాలమ్ నా షీటులో లేదు, అంత తెలివన్నమాట నాది.) గెలుపు సగం 5 పౌండ్లు పోయాయి. స్థానం సగానికి 38 పౌండ్లు వచ్చాయి. 10 పెడితే 38. మిగులు 28 పౌండ్లు, మన డబ్బుల్లో మూడు వేల పైచిలుకు.

గెంతులేశాను. చీటీ ఫోటో తీసి మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కింద "అంతా లెక్కలే! గుర్రాన్ని కాదు, ప్రాబబిలిటీని నమ్మాలి" అని ఓ డైలాగ్ కూడా. అరగంటలో పద్దెనిమిది చప్పట్లు. శ్రీకాకుళం నుంచి పిన్ని కొడుకు విడిగా మెసేజ్ చేశాడు. "అన్నయ్యా, ఆ ఎక్సెల్ ఓసారి పంపవా?" పంపించాను. గర్వంగా పంపించాను. ఎలా వాడాలో ఓ వాయిస్ నోట్ కూడా పెట్టాను.

ఇప్పుడు నా చలికాలం లెక్క చెప్తాను. అక్టోబరు నుంచి మార్చి దాకా, షీటు చూపించిన గుర్రాల మీద 2 పౌండ్ల ఈచ్‌వే చొప్పున 46 పందేలు. మొత్తం పెట్టింది 184 పౌండ్లు. 9 సార్లు డబ్బు చేతికొచ్చింది, అందులో గెలిచింది ఒకటే, 16/1 గుర్రం. మొత్తం వచ్చింది 127 పౌండ్లు. నష్టం 57.

ఇక్కడితో వదిలేస్తే మామూలు జూదగాడి కథే. కానీ నేను రెండు సగాల్ని విడదీసి చూశాను, అప్పుడు తెలిసొచ్చింది. స్థానం సగంలో పెట్టింది 92, వచ్చింది 93. ఒక పౌండు లాభం! గెలుపు సగంలో పెట్టింది 92, వచ్చింది 34. అంటే నా షీటు స్థానాల విషయంలో మరీ అబద్ధం కాదు. పోయిందంతా గెలుపు సగంలోనే పోయింది.

ఇదేమీ నా దురదృష్టం కాదు. గుర్రప్పందేల్లో జనం లాంగ్‌షాట్ల మీద ఉండాల్సినదానికన్నా ఎక్కువ డబ్బు కాస్తారని 1949లోనే గ్రిఫిత్ అనే సైకాలజిస్టు రాశాడు. 2010లో స్నోబర్గ్, వూల్ఫర్స్ అనే ఇద్దరు ఎకనామిస్టులు అమెరికా రేసుల డేటా మొత్తం ముందేసుకుని లెక్కేస్తే, ఫేవరెట్ల మీద డాలరుకి అయిదారు సెంట్లు పోతుంటే, 100/1 దాటిన గుర్రాల మీద సుమారు 61 సెంట్లు పోతున్నాయని తేలింది. కారణం తెలిసిందే. లాటరీ టికెట్టు కొనే చెయ్యే ఇక్కడా పనిచేస్తుంది. పెద్ద ధర చూస్తే బుర్రలో చిన్న సినిమా మొదలవుతుంది, ఆ సినిమాకి మనం ఇచ్చే టికెట్టు డబ్బులే ఆ నష్టం.

మరి స్థానం సగం ఒక్కటే కాయొచ్చుగా? అదే కిటుకు. ఆ ధరకి ఆ సగాన్ని బుకీ విడిగా అమ్మడు. చిన్నప్పుడు రేషన్ షాపులో పంచదార కావాలంటే సబ్బు కూడా కొనాలనేవాడు చూడండి, అలా. విడిగా స్థానం ధర ఇచ్చే చోట్లున్నాయి కానీ అక్కడ ఈ నాలుగోవంతు సూత్రం ఉండదు, ధర వేరే. ఇంకోటి, ఎవరైనా ఈచ్‌వే మెట్ల దగ్గరి బగ్గుని పట్టుకుని నిలకడగా గెలుస్తుంటే బుకీలు ఊరుకోరు, ఆ అకౌంట్‌లో కాయగలిగే మొత్తాన్ని పౌండ్లలోంచి పెన్నీల్లోకి దించేస్తారు. బగ్గు వాళ్లకీ తెలుసు మరి.

46 పందేలు శాంపిలేమిటి, నీ మొహం అంటారా? నిజమే. ఇంకో గుర్రం గెలిచుంటే నేను లాభంలో ఉండేవాణ్ణి, ఈ టపా ఇంకోలా ఉండేది. అదే నా భయం కూడా. 46తో ఏమీ రుజువు కాదు, కానీ 46లో 9 సార్లు డబ్బు చేతికొస్తే మాత్రం మనిషికి తాను మొనగాణ్ణని రుజువైపోతుంది. ఐదింట ఒకసారి బుకీ మన చేతిలో నోట్లు పెడుతుంటే, మొత్తం మీద పోతున్నామని బుర్ర ఒప్పుకోదు. ఉత్త గెలుపు పందెమే కాసుంటే 45 సార్లు ఓడేవాణ్ణి, డిసెంబరుకే మానేసేవాణ్ణి. ఈచ్‌వే నన్ను మార్చి దాకా కూర్చోబెట్టింది.

పైగా పెద్దాయన సూత్రం కూడా పాతబడిపోతోంది. గుర్రాలు చచ్చిపోతున్నాయని జనం గొడవ చేస్తే (చెయ్యాల్సిన గొడవే), 2024 నుంచి గ్రాండ్ నేషనల్‌లో గుర్రాల్ని 40 నుంచి 34కి తగ్గించారు, కంచెల్లోనూ మార్పులు చేశారు. ఆ ఏడాది 32 పరిగెడితే 21 పూర్తి చేశాయి, పడిపోయినది ఒక్కటీ లేదు. గుర్రాలకి మంచిదే. కానీ ముందున్నవి పడకపోతే వెనకున్నదానికి స్థానం ఎలా వస్తుంది? 1967 నాటి, 2001 నాటి కథలు చూసి ఇవాళ లాంగ్‌షాట్ కాయడమంటే, పాత వెర్షన్ డాక్యుమెంటేషన్ చదివి కొత్త వెర్షన్‌కి కోడ్ రాయడమే.

ఇక అసలు సంగతి.

ఓ రాత్రి పిన్ని ఫోన్ చేసింది. లీడ్స్‌లో రాత్రి పదకొండు, అంటే అక్కడ తెల్లవారుజాము. గుండె జారింది, బాబాయికేమైనా అయిందేమోనని. బాబాయి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాడు, బీపీ మనిషి. ఆయనకేం కాలేదు.

"గుర్రాలేటి బాబూ, పందేలేటి? నువ్వే కాయితం పంపినావట గదా" అంది.

తమ్ముడు బీటెక్ అయ్యాక ఇంట్లోనే ఉండి గ్రూప్స్‌కి చదువుతున్నాడు. నా షీటు చూశాడు. ఎయిన్‌ట్రీ గుర్రాల మీద ఎలా కాస్తాడు, కాయలేడు. ఎవరో ఫ్రెండు టెలిగ్రాంలో ఓ లింకు ఇచ్చాడు. అందులో గుర్రాల పరుగు ఉంది, కంచెలున్నాయి, ఈచ్‌వే ఉంది, రెండు మూడు నిమిషాలకో రేసు. మొదటి వారం నాలుగు వేలు వచ్చాయట. తర్వాత ఫ్రెండ్స్ దగ్గర, లోన్ యాప్‌లో, కోచింగ్ ఫీజులో... మొత్తం 1,60,000. లోన్ యాప్ వాళ్లు కాంటాక్టుల్లో ఉన్నవాళ్లకి ఫోన్లు మొదలెట్టాక విషయం బయటపడింది. పిన్ని మూడు తులాల గొలుసు బ్యాంకులో పెట్టి కట్టింది.

వాణ్ణి స్క్రీన్‌షాట్లు పంపమన్నాను. చూడగానే ఒళ్లు చల్లబడింది. అవి వర్చువల్ రేసులు. సర్వర్‌లో రాండమ్ నంబర్ జనరేటర్ ముందు ఫలితం తీస్తుంది, తర్వాత బొమ్మ గుర్రాలు దానికి తగ్గట్టు పరిగెడతాయి. ఆ గుర్రాలకి బురద లేదు, అలసట లేదు, పడిపోయిన చరిత్ర లేదు. బుకీ మార్జిన్ మాత్రం ఉంది, అదీ కోడ్‌లో. వాడు నా ఐదు కాలమ్స్ నింపాడు. ఆ గుర్రాల "పాత ఫలితాలు" అని యాప్ చూపిస్తే శ్రద్ధగా రాసుకుని నింపాడు! ఎంత శ్రద్ధో తెలుసా, నాకన్నా నీట్‌గా ఉంది వాడి షీటు.

"అన్నయ్యా, నువ్వు స్కిల్ గేమ్ అన్నావు కదా" అన్నాడు. నేను అన్నాను. నిజంగానే అన్నాను, వాయిస్ నోట్‌లో ఉంది.

ఈ 'స్కిల్' అనే మాట మనవాళ్ల నోట్లో బాగా నలిగింది. 1968లో మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టు అంది. 1996లో తమిళనాడు కేసులో గుర్రప్పందెం కూడా నైపుణ్యమే అంది. గుర్రం, జాకీ, ట్రైనరు, నేల తెలిసినవాడు తెలియనివాడికన్నా బాగా ఊహించగలడు కాబట్టి. ఆ తీర్పులు సరైనవే అనుకుంటాను, నా స్థానం సగం కూడా అదే చెప్తోంది. కానీ నైపుణ్యం ఉండటం వేరు, ఆ నైపుణ్యంతో ఖర్చులు పోను డబ్బు మిగలడం వేరు. రెండో ప్రశ్న కోర్టుది కాదు, మనది.

మలక్‌పేట రేసుకోర్సునే తీసుకోండి. అక్కడ మంచి సంగతి ఏమిటంటే విన్ టికెట్టు వేరు, ప్లేస్ టికెట్టు వేరు, పంచదారతో సబ్బు కొననక్కర్లేదు. కానీ 2025 సెప్టెంబరు 22 నుంచి పందెం మొత్తం మీద 40 శాతం జీఎస్టీ, అంతకుముందు 28. ఇందాకటి అద్భుతమైన 118.75 లెక్క గుర్తుందా? 100 పందేనికి 140 కట్టాల్సొస్తే, రూపాయికి తిరిగొచ్చేది 85 పైసలు. బుకీ లాభం సున్నా అనుకున్న ఊహాలోకంలోనే ఈ గతి. గెలిచినదాని మీద మళ్లీ 30 శాతం ఇన్‌కమ్ టాక్సు, ఓడినవి అందులోంచి తీసేసుకోవడానికి లేదు. ఇంగ్లండులో కాసేవాడి మీద 2001 నుంచి ఏ పన్నూ లేదు. ఆ లెక్కని ఈ దేశానికి మోసుకొస్తే పనిచెయ్యదు.

ఇక ఆన్‌లైన్ అంటారా, ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే నిషేధించారు, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ చట్టం చేసింది. అయినా టెలిగ్రాం లింకులు వస్తూనే ఉన్నాయి. చట్టం తలుపు మూస్తే వాళ్లు కిటికీలోంచి పిలుస్తున్నారు. ఆ కిటికీ దగ్గరికి కుర్రాణ్ణి నడిపించేది మాత్రం తరచుగా మనలాంటి వాళ్లు పెట్టే ఒక ఫోటో.

నేను పందేల మీద ఉపన్యాసం ఇవ్వడం లేదు. చలికాలం మొత్తానికి 57 పౌండ్లు అంటే అక్కడ నాలుగైదు సినిమాల ఖర్చు. దానికి నాకు దక్కిన సరదా ఎక్కువే. ఏడ్చేంత చలిలో శనివారం మధ్యాహ్నం ఓ పేరు తెలియని గుర్రం వెనకనుంచి ఒక్కొక్కదాన్నీ దాటుకుంటూ నాలుగో స్థానంలోకి వస్తుంటే ఆ ఆనందం వేరు. జీతం ఉన్నవాడు, లెక్క రాసుకునేవాడు, పోయినా పర్లేదనుకున్న డబ్బుతో చేస్తే నాకేం అభ్యంతరం లేదు.

నా అభ్యంతరం నా మీదే. లాంగ్‌షాట్ ఈచ్‌వే గురించి నాకు తెలిసిన నిజం ఇంత: స్థానం సగంలో జాగ్రత్తపరుడు తట్టుకోగలడు, గెలుపు సగంలో మునుగుతాడు, రెండూ కట్టకట్టి అమ్ముతారు. ఇది చెప్పడానికి 46 వరసల షీటు కావాలి. నేను ఊరికి పంపింది 28 పౌండ్ల ఫోటో. షేర్ మార్కెట్ ఆప్షన్లు, క్రిప్టో, ఏదైనా చూడండి, మన ఐటీ వాళ్లం ఊళ్లకి పంపేది ఇలాంటి ఫోటోలే. మనకి ఇంజినీరింగ్ డిగ్రీ ఉంది, ఆన్‌సైట్ ఉంది, మన మాట ఇంట్లోవాళ్లకి వేదం. "మా అన్నయ్య లెక్కేసి చెప్పాడు" అంటే అక్కడ ఇంకెవరూ ప్రశ్న వెయ్యరు. వాడికి పోయిన లక్షా అరవై వేలల్లో నా మాట వాటా ఎంతో నాకు తెలుసు. సగం నేను కట్టాను. పిన్ని ముందు వద్దంది, తర్వాత తీసుకుంది. గొలుసు ఇంకా విడిపించలేదు.

అందుకని ఓ రెండు పనులు చేశాను. ఒకటి, 46 వరసల షీటు మొత్తాన్ని అదే కుటుంబం గ్రూపులో పెట్టాను, చివర మొత్తం దగ్గర మైనస్ 57 ఎర్ర రంగులో. చప్పట్లేమీ రాలేదు. పెద్దమ్మ ఒకావిడ "అయితే ఉజ్జోగం బాగానే ఉందా నాన్నా?" అని అడిగింది. రెండోది, తమ్ముడూ నేనూ కలిసి వర్చువల్ రేసుని పైథాన్‌లో రాశాం, వీడియో కాల్‌లో. నలభై లైన్లు కూడా లేదు. పది లక్షల రేసులు నడిపించి, వాడి పద్ధతిలో ప్రతి రేసుకీ కాయించాం. గ్రాఫ్ గీశాం. గీత మొదట కాస్త పైకి లేచింది, వాడి మొదటి వారం లాగే. ఆ తర్వాత కిందికి దిగుతూనే ఉంది. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మార్జిన్ సున్నా పెట్టి చూద్దాం అన్నయ్యా" అన్నాడు. చూశాం. గీత ఊగుతూ సున్నా చుట్టూనే తిరిగింది. "అంటే నేనేం చేసినా..." అని ఆగిపోయాడు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మావయ్యకి ఈ కథంతా చెప్పాను. ఈచ్‌వే అంటే ఏమిటో, నాలుగోవంతు ధర ఏమిటో గంటసేపు వివరించాను. ఓపిగ్గా విన్నాడు. "ఇంతకీ ఆ గుర్రాల్ని దగ్గిరికెళ్లి సూసినావా?" అన్నాడు. లేదు మావయ్యా, అన్నీ ఆన్‌లైన్‌లోనే అన్నాను. ఇంకేమీ అనలేదు, తీర్థానికి టైమైందని కండువా దులుపుకుని లేచాడు.

మీ ఇంట్లో, మీ ఊళ్లో మీ మాట నమ్మే కుర్రాళ్లు ఉంటారు. మీ చివరి స్క్రీన్‌షాట్ వాళ్ల దగ్గరుందేమో ఓసారి గుర్తు తెచ్చుకోండి. ఉంటే, మిగతా వరసలు కూడా పంపండి.